హైదరాబాద్‌లో ఫెల్ట్ టోపీల వర్క్‌షాప్: ఏ మిషన్ కొనాలి, ఏది చేయించుకోవాలి, ఏది వదిలేయాలి

ఫెల్ట్ టోపీ తయారీ పైకి ఒకే పనిలా కనిపిస్తుంది గానీ అందులో రెండు వృత్తులున్నాయి. ఉన్నినో కుందేలు బొచ్చునో దువ్వి, వేడినీళ్లలో నలిపి, కుదించి గంట ఆకారపు ఫెల్ట్ ముక్కగా మార్చడం ఒకటి. ఆ ముక్కకు ఆవిరి పట్టి, తల ఆకారపు చెక్క దిమ్మ మీద సాగదీసి, అంచు కోసి, లోపట్టీ కుట్టి టోపీగా తయారుచేయడం రెండోది. మొదటిదానికి షెడ్డు, బోలెడు నీళ్లు, మురుగునీటి ఏర్పాటు, పెద్ద మిషన్లు కావాలి. రెండోదానికి ఒక చిన్న గది, త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే సరిపోతుంది. సినిమా కాస్ట్యూమ్‌లకో, పెళ్లి బ్యాండ్లకో, ఆన్‌లైన్ ఆర్డర్లకో టోపీలు చేద్దామనుకునే వాళ్లు రెండోదానితోనే మొదలుపెట్టాలి. అందులోనూ డబ్బు ముందుగా పెట్టాల్సింది ప్రెస్సు (టోపీని వేడి అచ్చుకు అదిమే మిషన్) మీద కాదు, ఆవిరి మీద, దిమ్మల మీద. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, ప్రెస్సు కొన్నాక దిమ్మలకు డబ్బుల్లేవంటారు.

1. మొదటి సగం మిషన్లు తెలుసుకోండి, కొనకండి

ముడి ముక్క ఎలా పుడుతుందో తెలిస్తేనే దాని మంచిచెడ్డలు కళ్లకు ఆనతాయి. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, ఒత్తిడి, కదలిక నాలుగూ ఒకేసారి తగిలితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని, ఇక వెనక్కి రాకుండా బిగుసుకుంటాయి. ఫెల్ట్ అంటే అంతే. నేత లేదు, అల్లిక లేదు.

ఫ్యాక్టరీలో కార్డింగ్ మిషన్ ఉన్నిని దువ్వి పలచటి తెరలా బయటికి పంపుతుంది. ఆ తెర రెండు శంకువులను అడుగుభాగాల దగ్గర కలిపినట్టుండే చెక్క మీద అడ్డదిడ్డంగా చుట్టుకుంటుంది. చుట్టడం అయ్యాక సరిగ్గా మధ్యకు కోస్తే రెండు శంకువులు వస్తాయి. తర్వాతి హార్డెనింగ్ మిషన్‌లో ఆవిరి పలక మీద పెట్టి పై పలకను కంపింపజేస్తే ఉన్ని మొదటిసారి పట్టు చిక్కుతుంది. ఆ పైన ఫుల్లింగ్ మిషన్‌లో రోలర్ల మధ్య వేడినీళ్లతో నలిగి నలిగి దాదాపు సగానికి కుదించుకుపోతుంది. ఎంత కుదిస్తే అంత గట్టి ఫెల్ట్.

కుందేలు బొచ్చుకు పద్ధతి వేరు. చిల్లుల రాగి శంకువు తిరుగుతూ ఉంటుంది, దాని లోపలి నుంచి గాలి లాగుతూ ఉంటుంది, పైనుంచి ఊదిన బొచ్చు వచ్చి దానికి అంటుకుంటుంది. వేడినీళ్ల జల్లుతో ఆ పొరను పట్టు చిక్కించి శంకువు మీది నుంచి ఒలుస్తారు. అమెరికాలో హెన్రీ వెల్స్ 1846లో పేటెంట్ తీసుకున్న మిషన్ ఇదే. అక్కడి డాన్‌బరీ ఊరికి హ్యాట్ సిటీ అన్న పేరు ఈ పరిశ్రమ వల్లే వచ్చింది. బొచ్చు బాగా పట్టు చిక్కడానికి అప్పట్లో పాదరసపు నైట్రేటు పూసేవారు. ఆ ఆవిర్లు పీల్చి పనివాళ్ల చేతులు వణికేవి, మతి చెడేది. అమెరికాలో 1941లో దాన్ని ఆపేశారు. దీనితో మనకూ ఒక పని పడుతుంది, చివర్లో చెబుతాను.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మన గొంగడి ఉన్నితో చేయకూడదా? డెక్కనీ గొర్రె ఉన్ని ముతక, మధ్యలో బిరుసు వెంట్రుకలుంటాయి. గొంగడికి ఆ గుణమే బలం. కానీ నుదుటి మీద గంటసేపు ఉండాల్సిన టోపీకి అది గుచ్చుకుంటుంది, అంచు నున్నగా తేలదు. టోపీకి మెరినో లాంటి సన్న ఉన్నే కావాలి. గొంగడి ఉన్ని మీద ప్రేమ ఉంటే టోపీ చుట్టూ కట్టే పట్టీగా వాడండి, చూడటానికీ బాగుంటుంది.

2. ముడి ముక్కలు తెప్పించుకోండి

వీటిలో రెండు రకాలు. కోన్ అంటే ఉత్త శంకువు, చిన్న అంచు టోపీలకు. కేప్‌లీన్ అంటే కొంత అంచు విప్పార్చి పంపేది, వెడల్పు అంచు టోపీలకు. చెక్ రిపబ్లిక్‌లోని నోవీ యిచిన్, పోర్చుగల్‌లోని సావ్ జోవావ్ ద మదేరా పాతకాలం నుంచి ఈ పనికి పేరున్న ఊళ్లు. చైనా ఉన్ని ముక్కలు చవకగా దొరుకుతాయి, నేర్చుకునేటప్పుడు అవే మేలు. నేరుగా దిగుమతి చేసుకోవాలంటే ఐఈసీ నంబర్ (దిగుమతి, ఎగుమతులకు ఇచ్చే కోడ్) ఉండాలి. బిల్లు మీద హెచ్‌ఎస్ శీర్షిక, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకును గుర్తించే నంబరు, 6501 అని ఉండేలా చూసుకోండి. ఆకారం పోయని ఫెల్ట్ ముక్కల శీర్షిక అది. "క్యాప్స్" అని ఏదో ఒకటి రాయించుకుంటే కస్టమ్స్ దగ్గర మీకే తలనొప్పి.

సరుకు రాగానే ప్రతి ముక్కనూ ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి చూడండి. పలచటి మచ్చలు వెలుగులో తెలిసిపోతాయి. అవి క్రౌన్ (టోపీలో తల మీద కూర్చునే భాగం) పైభాగంలో ఉంటే ముక్కను పక్కన పెట్టేయండి, ఎందుకంటే సాగేది అక్కడే. తూకం కూడా వేయండి. మామూలు ఉన్ని ముక్క 100 నుంచి 150 గ్రాములు ఉంటుంది. ఒకే పెట్టెలో తూకాలు బాగా తేడాగా ఉంటే టోపీల గట్టిదనమూ అంతే తేడాగా వస్తుంది.

3. ఆవిరి: ఇక్కడ పిసినారితనం వద్దు

నేర్చుకునే దశలో మిషన్ అక్కర్లేదు. బేగంబజార్‌లో హోటళ్లకు అమ్మే పెద్ద ఇడ్లీ స్టీమర్ తెచ్చి, మూతకు రంధ్రం చేయించి, గరాటు బిగిస్తే ముక్కకు పట్టేంత ఆవిరి వస్తుంది. దీంట్లో పీడనం ఉండదు కాబట్టి పేలే భయం లేదు. రోజుకు రెండు మూడు టోపీల వరకు ఇదే చాలు.

తర్వాతి మెట్టు ఎలక్ట్రిక్ స్టీమ్ జనరేటర్. బట్టల ఇస్త్రీ యూనిట్లు, డ్రైక్లీనింగ్ షాపులు వాడేదే. 3 కిలోవాట్ల హీటర్ ఉన్నది గంటకు 4 కిలోల చిల్లర ఆవిరి ఇస్తుంది. ఒక మనిషి పనికి అది సమృద్ధి. రాణిగంజ్‌కు వెళ్తే "కిత్నా కేజీ ప్రెషర్ హోనా?" అని ముందు అడుగుతారు. కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరు మీద పడే పీడనం. 1 కేజీ దగ్గర ఆవిరి వేడి 120 డిగ్రీలు, 3 కేజీల దగ్గర 143 డిగ్రీలు. ఉన్ని 130 దాటితే పసుపెక్కి పెళుసవుతుంది. టోపీకి కావాల్సింది తడి ఆవిరి, తక్కువ పీడనం. ఎక్కువ పీడనపు మిషన్ ఎంత గొప్పగా బుసకొట్టినా మీకు అనవసరం.

మన బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు సామర్థ్యం ఉన్నవాటినీ, డిజైన్ పీడనం, పనిచేసే పీడనం రెండూ 1 కేజీ లోపు ఉన్నవాటినీ బాయిలర్ కింద లెక్కపెట్టదు. ఆ గీతకు ఇవతలే ఉండండి, రిజిస్ట్రేషన్, తనిఖీల గొడవ తప్పుతుంది. గొడవ తప్పిందని సేఫ్టీ వాల్వు లేకుండా మాత్రం నడపొద్దు. లోకల్‌గా వెల్డింగ్ చేసిన ట్యాంకుకు వాల్వు బదులు బోల్టు బిగించి అమ్మేవాళ్లున్నారు.

ఇప్పుడు నీళ్ల సంగతి. హైదరాబాద్ బోరు నీళ్లు చాలా చోట్ల గట్టివి. బకెట్టుకు తెల్లగా పట్టే పొర మీకు తెలిసిందే. అదే హీటర్ కాయిల్ మీద పేరుకుంటే వేడి నీళ్లకు చేరదు, కాయిల్ కాలిపోతుంది. ఇంకో నష్టం అంతకన్నా చెడ్డది: తుప్పు కలిసిన నీటి చుక్క ఆవిరితో పాటు ఎగిరి లేత రంగు ఫెల్ట్ మీద పడితే ఆ గోధుమరంగు మచ్చ ఇక పోదు. అందుకే ఆర్‌ఓ నీళ్లే పోయండి. గంటకు 4 కిలోల లెక్కన ఆరు గంటల పనికి 25 లీటర్లు, అంటే ఒక వాటర్ క్యాన్ పైచిలుకు. సాయంత్రం పని ఆపేటప్పుడు అడుగు వాల్వు తిప్పి ట్యాంకు ఖాళీ చేయండి. పొద్దున ఆవిరి మొదలయ్యాక తొలి నిమిషం దాన్ని ముక్క మీదికి కాకుండా పాత గుడ్డ మీదికి వదలండి. గొట్టంలో రాత్రి నిలిచిన నీళ్లు ఆ గుడ్డ మీదే పడిపోతాయి.

4. దిమ్మలు

టోపీ ఆకారం, సైజు, మీ పేరు అన్నీ దిమ్మలోనే ఉంటాయి. చెక్కపని కార్ఖానాకు వెళ్లి టోపీ ఫర్మా, అంటే దిమ్మ, కావాలంటే టర్నర్ సంతోషంగా లేతు మీద గుండ్రటిది తిప్పి ఇస్తాడు. మనిషి తల గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. 57 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న తలకు ముందువెనకల పొడవు సుమారు 19.9, అడ్డం 16.3 సెంటీమీటర్లు. ఇదే చుట్టుకొలతలో కోల ఎక్కువున్న తల 20.4, 15.7 కూడా ఉండొచ్చు. గుండ్రటి దిమ్మ మీద చేసిన 57 సైజు టోపీ మొదటివాడికి నుదుటి దగ్గర నొక్కుతుంది, చెవుల పక్కన గాలాడుతుంది.

పారిస్‌లో 1843లో కన్ఫర్మేటర్ అనే పరికరం వచ్చింది. తల మీద పెడితే తల చుట్టు ఆకారాన్ని చిన్నది చేసి కాగితం మీద పొడిచి చూపిస్తుంది. అంత దూరం పోనక్కర్లేదు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ పిల్లలు వాడే ఫ్లెక్సిబుల్ కర్వ్ (ఎలా వంచితే అలా నిలిచే స్కేలు) కొని తల చుట్టూ వంచి, తీసి, కాగితం మీద గీసుకోండి.

కొలతలో ఇంకో మెలిక ఉంది. లోపల కుట్టే తోలు పట్టీ 1 మిల్లీమీటర్ మందం ఉంటే చుట్టుకొలతలో 6 మిల్లీమీటర్లు తినేస్తుంది. దిమ్మ అంత పెద్దదిగా ఉండాలి. 57 సైజు అని రాసి 57 కొలతకే చెక్కిస్తే మీ టోపీలన్నీ బిగుతే.

చెక్క విషయంలో టేకు అందరికీ మొదట గుర్తొస్తుంది. కానీ టేకులో నూనె, రంగు ఉంటాయి. ఆవిరి తగిలినప్పుడు లేత రంగు ఫెల్ట్‌కు మరక దిగొచ్చు. టేకే వాడితే దిమ్మ మీద వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ చుట్టండి. మేకులూ గుండుసూదులూ దిగేంత మెత్తగా, నొక్కులు పడనంత గట్టిగా, జిగురు కారని ఏ ఎండిన చెక్కయినా పనికొస్తుంది. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ (వస్తువుల నమూనాలు చేసుకునే కేంద్రం) లాంటి చోట సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే కోత మిషన్, మీద చెక్కించుకుంటే కంప్యూటర్‌లో ఉన్న ఒకే డ్రాయింగ్ నుంచి 55 నుంచి 60 దాకా అన్ని సైజులూ తీసుకోవచ్చు. త్రీడీ ప్రింట్ చేయిద్దామనుకుంటే పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మీ ఆవిరి 100 డిగ్రీలు.

మొదటి దిమ్మగా రూమీ టోపీ ఆకారం తీసుకోండి. నిజాం కాలపు హైదరాబాద్‌లో ఆ ఎర్ర టోపీ ఎక్కడ చూసినా కనిపించేది. టర్కీ 1925లో చట్టం చేసి మరీ దాన్ని మాన్పించింది గానీ పాతబస్తీకి ఆ చట్టం పట్టలేదు. నేర్చుకునేవాడికి దాంట్లో సుఖం ఏమిటంటే అంచు లేదు, వంపులు లేవు, పక్కలు నిటారు. పాత పద్ధతిలో ఇత్తడి అచ్చు జత వాడతారు: లోపలి అచ్చుకు తడి ఫెల్ట్ తొడిగి, వేడి చేసిన పై అచ్చును దాని మీదికి నొక్కుతారు. ఈ ఆకారం చేతికి వస్తే చుట్టూ అంచు, పైన నొక్కు ఉండే ఫెడోరా దగ్గర తడబడరు.

5. దిమ్మ మీదికి ఎక్కించడం

ముక్కను గరాటు మీద తిప్పుతూ లోపలి వైపు నుంచి ఆవిరి పట్టండి. రెండు నిమిషాల్లో వేళ్లకు తేడా తెలుస్తుంది. మొదట అట్టలా ఎదురుతిరిగిన ఫెల్ట్ వంచితే వంగి, వదిలినా వెనక్కి లేవదు. అదీ గుర్తు. ఆ క్షణం దాటించకుండా దిమ్మ మీదికి లాగండి. పై కొస దగ్గర రెండు బొటనవేళ్లతో నొక్కి, మిగతా వేళ్లతో అంచును నాలుగు దిక్కులా సమంగా కిందికి లాగాలి. ముందు ముందువెనకలు, తర్వాత పక్కలు. ఒకే పక్క బలంగా లాగితే ఆ పక్క పలచబడుతుంది, వెలుగులో చూస్తే మీ చేతి దోషం కనిపిస్తుంది.

క్రౌన్ దిగాక అంచు మొదలయ్యే గీత దగ్గర నూలు తాడు జారుముడి వేసి బిగించండి. తాడు దానంతటది గీతలోకి దిగదు. మొద్దు అంచున్న చెక్కముక్కతో చుట్టూ కొద్దికొద్దిగా నొక్కుతూ, మధ్యలో మళ్లీ ఆవిరి కొడుతూ దించాలి. ఇది విసుగు పని, కానీ క్రౌన్, అంచు కలిసే చోటు పదునుగా వచ్చేది దీనివల్లే. తర్వాత తడి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, రాత్రంతా దిమ్మ మీదే వదిలేయండి. వానాకాలంలో రెండు రాత్రులు. తొందరపడి తీస్తే కుదించుకుని మీరు వేసిన సైజు ఒకటి, తేలిన సైజు ఒకటి అవుతుంది. రోజుకు ఎన్ని టోపీలు చేయగలరో నిర్ణయించేది ఈ ఆరే సమయమే, అందుకే దిమ్మల సంఖ్యే మీ ఉత్పత్తి సంఖ్య.

6. గట్టిదనానికి లక్క

కొన్ని ముక్కలు ఫ్యాక్టరీలోనే గట్టిపరిచి వస్తాయి. లేకపోతే మీరే పట్టించాలి. చెక్క పాలిష్ వాళ్లు వాడే చపడా, అంటే పలుకుల లక్క, ఇందుకు పనికొస్తుంది. లీటరు నీళ్లలో 20 గ్రాముల బొరాక్స్ వేసి వేడి చేసి, 100 గ్రాముల చపడా కొద్దికొద్దిగా కలపండి. అయిదు పాళ్ల లక్కకు ఒక పాలు బొరాక్స్, ఇది పాతకాలపు లెక్కే. గిన్నె స్టీలుది కావాలి, ఇనుప గిన్నెలో లక్క నల్లబడుతుంది. అంచుకు లోపలి వైపు నుంచి బ్రష్‌తో పలచగా పూయండి, క్రౌన్‌కు అందులో సగం బలమున్న ద్రావణం చాలు. చిక్కగా పూస్తే ఆరాక తెల్లటి పలుకులు పైకి తేలతాయి. లేత రంగులకు తెల్లబరిచిన లక్క తీసుకోండి.

7. చిన్న మిషన్లు: చాలావరకు చేయించుకోవచ్చు

అంచు కోసే పరికరానికి ఇంగ్లిష్ పేరు పెద్దగా ఉంటుంది గానీ వస్తువు చిన్నది. క్రౌన్‌కు ఆనే వంపు చెక్క, దాని నుంచి బయటికి జరిగే స్కేలు, కొసన బ్లేడు. ఫెడోరాకు అంచు 6 నుంచి 7 సెంటీమీటర్లు. వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు.

నునుపు చేయడానికి దిమ్మను తిప్పే స్టాండు కావాలి. మామూలు 1440 ఆర్‌పీఎం మోటారు నేరుగా పెడితే గరుకు కాగితం ఫెల్ట్‌ను మాడ్చేస్తుంది. గేరు మోటారో, వేగం తగ్గించే డ్రైవో పెట్టించండి. 220 కాగితంతో మొదలుపెట్టి 400, చివర 600. దీని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్కు, పక్కనే ధూళి లాగే వ్యాక్యూమ్ తప్పనిసరి.

లోపట్టీ తోలు ఆంబూరు, వాణియంబాడి వైపు నుంచి తెప్పించుకోవచ్చు. రోజుకు అయిదు టోపీల వరకు చేత్తో కుట్టుకోండి. ఆ పైన చెప్పుల వాళ్లు వాడే పోస్ట్ బెడ్ మిషన్ (కుట్టు పడే చోటు స్తంభంలా పైకి లేచి ఉండే కుట్టు మిషన్) చూడండి. మామూలు మిషన్ బల్ల మీద టోపీ చక్కగా కూర్చోదు. పై రిబ్బన్ జనరల్ బజార్‌లో దొరుకుతుంది, కానీ కొనేముందు ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్, కాగితంలా కాలి బూడిదైతే విస్కోసో నూలో. పాలిస్టర్ రిబ్బన్ ఎంత ఇస్త్రీ చేసినా వంపు తిరగదు, టోపీకి వంకరగా నిలుస్తుంది.

8. ప్రెస్సు ఎప్పుడు, ఎలా

ఒకే ఆకారం, ఒకే సైజు వందల సంఖ్యలో అడిగే ఆర్డరు చేతిలో ఉన్నప్పుడే హైడ్రాలిక్ ప్రెస్సు ఆలోచన చేయండి. దాని పని సూత్రం ఇది: వేడి చేసిన లోహపు అచ్చులో టోపీని తలకిందులుగా పెడతారు, లోపల రబ్బరు సంచిని పీడనంతో ఉబ్బించి ఫెల్ట్‌ను అచ్చుకు అదుముతారు. ప్రతి ఆకారానికీ, ప్రతి సైజుకూ ఒక్కో అచ్చు కావాలి. ఖర్చు మిషన్‌తో ఆగదని లెక్క వేసుకోండి.

అచ్చుల పనికి బాలానగర్ మించిన చోటు లేదు. 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అక్కడే ఉంది. చుట్టుపక్కల సందుల్లో టూల్‌రూమ్‌లు బోలెడు. మీరు లోపలికి వెళ్లగానే "డ్రాయింగ్ ఉందా అన్నా? లేకుంటే పీస్ తెచ్చి ఇయ్యి, చూసి చేస్తం" అంటారు. పీస్ ఇవ్వొద్దు, డ్రాయింగే ఇవ్వండి. టోపీని చూసి తీసిన అచ్చులో ఫెల్ట్ మందం లెక్క తప్పుతుంది. అల్యూమినియం అచ్చు చాలు, వేడి త్వరగా, సమంగా పాకుతుంది. థర్మోస్టాట్ 120 దాటకుండా కట్టించండి.

విదేశీ సెకండ్‌హ్యాండ్ ప్రెస్సు కొంటే మూడు చూడండి. రబ్బరు సంచి విడిగా దొరుకుతుందా, లేదా ఇక్కడ పోత పోయించగలమా? వేడి పలక అయిదు చోట్ల థర్మామీటర్ పెడితే ఒకే అంకె చూపిస్తోందా? మోటారు ప్లేటు మీద ఎంత హెర్ట్జ్ రాసి ఉంది? అమెరికా మోటార్లు 60 హెర్ట్జ్‌వి. మన 50 మీద ఆరో వంతు వేగం తగ్గుతుంది, వేడెక్కుతాయి కూడా. బెల్టుతో నడిచే పాత మిషన్ అయితే మోటారు తీసేసి మన 415 వోల్టుల మోటారు పెట్టి, పుల్లీ మార్చితే సరి. ఇటలీ మిషన్లకు ఈ బాధ లేదు, అక్కడా 50 హెర్ట్జే.

9. పాత టోపీలు, పురుగులు

వర్క్‌షాప్ పెట్టాక తాతల నాటి టోపీ తెచ్చి ఆకారం సరిచేయమని అడిగేవాళ్లు వస్తారు. మంచి డబ్బూ వస్తుంది. కానీ 1940ల ముందు నాటి కుందేలు బొచ్చు టోపీల్లో పాదరసం మిగిలి ఉండొచ్చు. ఆవిరి పడితే అది గాల్లోకి లేస్తుంది. అలాంటిది తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పట్టొద్దు, గరుకు కాగితం అసలే పెట్టొద్దు. నాకైతే అవి అద్దాల పెట్టెలో ఉండాల్సిన వస్తువులు, వాటిని మళ్లీ తలకు పెట్టుకోనక్కర్లేదు. తెచ్చినవాళ్లకు ఆ మాటే చెప్పి పంపండి.

ముడి ముక్కల నిల్వకు ప్రధాన శత్రువు ఉన్ని పురుగు. గాలి చొరని కవర్లలో సీలు చేసి, నేలకు అడుగు ఎత్తున రాక్‌లో పెట్టండి. కొత్త పెట్టె వచ్చినప్పుడు పాత సరుకుతో కలపకుండా కొన్ని వారాలు విడిగా ఉంచి, మధ్యలో ఒకసారి విప్పి మడతల్లో రేణువులు, చిల్లులు ఉన్నాయేమో చూసి అప్పుడు రాక్‌లోకి ఎక్కించండి.